స్టేషన్ నుంచి ఫోన్ వస్తే ముందు టైమ్ రాసుకోండి

నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో పన్నెండేళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్నాను. చాలా కుటుంబాలు నా దగ్గరకు వచ్చేసరికే ఒక రోజు గడిచిపోయి ఉంటుంది. ఆ రోజంతా కార్పొరేటర్ మనిషి చుట్టూ, తెలిసిన కానిస్టేబుల్ చుట్టూ తిరుగుతారు. పైరవీ పని చేయదని తెలిశాక లాయర్ గుర్తొస్తారు. వాళ్లను తప్పు పట్టను. ఇంటి ముందు పోలీసు బండి ఆగితే ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు. కానీ కేసు ఎటు పోతుందో చాలావరకు ఆ మొదటి రోజే తేలిపోతుంది. అందుకే ఆ రోజు ఏం చేయాలో రాస్తున్నాను.

బోరబండ నుంచి ఒకావిడ వచ్చింది. తమ్ముడు ఆటో నడుపుతాడు. శనివారం సాయంత్రం ‘మాట్లాడి పంపిస్తాం’ అని ఇంటి నుంచి తీసుకెళ్లారు. ఆదివారం రాత్రికీ పంపలేదు. అడిగితే ‘ఇవాళ కోర్టు సెలవు కదా, రేపు తీసుకెళ్తాం’ అన్నారట. సోమవారం పొద్దున కోర్టుకు తెచ్చారు. అరెస్ట్ మెమో, అంటే అరెస్టు వివరాలు పోలీసులు రాసే కాగితం చూస్తే ‘ఆదివారం సాయంత్రం 4 గంటలు’ అని ఉంది. ఆవిడ సంచిలోంచి మడత పెట్టిన కరెంటు బిల్లు తీసింది. వెనక పెన్సిల్‌తో రాసుకుంది: ‘7.15 ఇద్దరు మఫ్టీ, తెల్ల బండి. 9.40 స్టేషన్‌కు పోయిన, లోపలికి రానియ్యలె. 11.20 టిఫిన్ బాక్స్ తీస్కున్నరు.’ పక్కన బండి నంబరు కూడా ఉంది.

మేజిస్ట్రేట్ ఆ బిల్లును రెండు వైపులా తిప్పి చూశారు. అబ్బాయిని ముందుకు పిలిచి, ‘నిన్ను ఎప్పుడు తీసుకొచ్చారు?’ అని సూటిగా అడిగారు. తర్వాత మెమో రాసిన అధికారి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. రిమాండ్ ఇవ్వలేదు. సొంత పూచీకత్తు మీద అబ్బాయి ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లాడు.

ఆ బిల్లుకు అంత బలం ఎందుకంటే, రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం అరెస్టయిన మనిషిని, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. ఆ గంటలు మెమోలో రాసిన టైమ్ నుంచి కాదు, మనిషిని పట్టుకున్న క్షణం నుంచే లెక్క అని మన తెలంగాణ హైకోర్టు చెప్పింది. సెలవు రోజు కూడా సాకు కాదు. ఆదివారమైనా, పండగైనా మేజిస్ట్రేట్ ఇంటి దగ్గర హాజరు పరచవచ్చు. కాబట్టి ఎవరు వచ్చారు, ఏ బండి, ఎన్ని గంటలకు అన్నది దొరికిన కాగితం మీద రాయండి. స్టేషన్ బయట నిలబడి ఒక ఫొటో తీసుకోండి, టైమ్ ఫోన్‌లో ఉంటుంది. పోలీస్ స్టేషన్లలో సీసీటీవీలు ఉండాలని సుప్రీంకోర్టు 2020లోనే ఆదేశించింది. ఆ ఫుటేజీ భద్రపరచమని కోర్టులో వెంటనే పిటిషన్ వేయించండి. 24 గంటలు దాటినా మనిషి జాడ చెప్పకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషన్ వేయవచ్చు.

ఇంకా అరెస్టు దాకా రాలేదు, ‘ఒకసారి స్టేషన్‌కు రా’ అని ఫోన్ మాత్రమే వచ్చిందనుకోండి. గొడవ పడొద్దు. ‘సార్, ఏ కేసులో? నోటీసు ఇప్పించండి, తప్పకుండా వస్తాను’ అనండి. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో దీనికి సెక్షన్ 35(3) నోటీసు ఉంది. సీఆర్‌పీసీలో ఉన్న 41ఏ నోటీసు ఇదే. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో పోలీసులు మామూలుగా ఈ నోటీసు ఇచ్చి పిలవాలి. అరెస్టు చేయాలంటే ఎందుకు అవసరమో రాయాలి. 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025లో అదే కోర్టు అన్నది. అలాగని వాట్సాప్ మెసేజ్‌ను పట్టించుకోకుండా కూర్చోవద్దు, ఆ రోజే లాయర్‌కు చూపించండి. నోటీసు సరిగ్గా అందితే మాత్రం చెప్పిన టైమ్‌కు వెళ్లి తీరాలి. వెళ్లకపోతే అదే అరెస్టుకు కారణం అవుతుంది. వెళ్లినప్పుడు నోటీసు జిరాక్స్ ఇంట్లో పెట్టి వెళ్లండి, హాజరైనట్టు రాయించుకోండి.

సాక్షిగా పిలిచినప్పుడు ఆడవాళ్లను, 60 దాటిన మగవాళ్లను, 15 ఏళ్లలోపు అబ్బాయిలను స్టేషన్‌కు రమ్మనకూడదు, పోలీసులే ఇంటికి వచ్చి అడగాలి. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 179 ఇదే చెబుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది అమ్మలు రాత్రిళ్లు స్టేషన్ బెంచీల మీద కూర్చున్నారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

ఇక అరెస్టు. వచ్చిన అధికారి పేరు కనిపించేలా బ్యాడ్జి ఉండాలి. మెమో మీద ఇంటివాళ్లలో ఒకరో, బస్తీలో మర్యాదస్తులొకరో సాక్షి సంతకం చేయాలి. టైమ్ తప్పుగా ఉంటే అక్కడే చెప్పండి. సంతకం తప్పదంటే పక్కనే నిజమైన టైమ్ రాసి పెట్టండి. అరెస్టు సంగతి మీరు చెప్పినవాళ్లకు తెలియజేయాల్సిన బాధ్యత పోలీసులదే. కారణాలు మీకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని, వెంటనే వీలుకాకపోతే మేజిస్ట్రేట్ ముందుకు తీసుకెళ్లడానికి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. తెలుగులో కావాలని అడగండి. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. మరీ తప్పనిసరైతే మేజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకుని మహిళా అధికారే రావాలి.

లోపలికి వెళ్లాక పేరు, అడ్రసు నిజం చెప్పండి. మిగతా ప్రశ్నలకు ‘మా లాయర్‌తో మాట్లాడాక చెప్తాను సార్’ అనండి. విచారణ జరిగినంత సేపూ కాకపోయినా, మధ్యలో లాయర్‌ను కలిసే హక్కు మీకుంది. అబద్ధం మాత్రం చెప్పొద్దు, అది తర్వాత మీకే చుట్టుకుంటుంది. పోలీసుల ముందు ఒప్పుకున్నంత మాత్రాన కోర్టులో అది సాక్ష్యం కాదు. కానీ మీరు చెప్పిన మాట పట్టుకుని వస్తువేదైనా దొరికితే, ఆ మాట వరకు కోర్టు తీసుకుంటుంది. అందుకే మౌనం మంచిదంటాను. దర్యాప్తులో రాసుకున్న మీ వాంగ్మూలం మీద మీ సంతకం అక్కర్లేదని చట్టమే చెబుతోంది. తెల్లకాగితం మీద, ఖాళీలు ఉన్న కాగితం మీద ఎంత బతిమాలినా, ఎంత బెదిరించినా సంతకం పెట్టొద్దు.

అరెస్టయ్యాక డాక్టరు పరీక్ష ఉంటుంది. కొట్టి ఉంటే అక్కడ చొక్కా విప్పి చూపించండి, రాయమని అడగండి. పోలీసు పక్కనే ఉన్నాడని ‘ఏం లేదు డాక్టర్’ అన్నవాళ్లను నేను చాలామందిని చూశాను. ఆ ఒక్క మాట తర్వాత ఎన్ని పిటిషన్లు వేసినా చెరగదు. మేజిస్ట్రేట్ ‘ఏమైనా చెప్పాలా?’ అని అడిగినప్పుడు కూడా నోరు విప్పండి.

లాయర్‌కు డబ్బు లేదని ఆగిపోవద్దు. కస్టడీలో ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. 15100కు ఫోన్ చేయవచ్చు, లేదా పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవా సదన్‌కు వెళ్లవచ్చు.

బెయిల్ వచ్చాక ష్యూరిటీ, అంటే పూచీ పడే మనిషి కావాలి. కోర్టు గేటు దగ్గర ‘ఐదు నిమిషాల్లో ష్యూరిటీ పెట్టిస్తా’ అని ఎవరైనా వస్తే పక్కకు తప్పుకోండి. దొంగ కాగితాలు పెడితే బెయిల్ పోతుంది, పైన ఇంకో కేసు పడుతుంది. మేనమామో, పనిచేసే చోట సేఠో, ఎవరైనా ఆధార్‌తో పాటు జీతం స్లిప్పు లేదా ఇంటి పన్ను రసీదు పట్టుకుని పొద్దున పదిన్నరకల్లా వస్తే చాలు.