పాత ఇల్లు అమ్మి ఊరు మారేముందు: రంగు డబ్బా చివర్న తెరవండి

ఇల్లు అమ్ముదామనుకోగానే చాలామంది చేసే మొదటి పని పెయింటర్‌కి ఫోన్ చేయడం. నెల తిరిగేసరికి బీరువాలు ఈడ్చేటప్పుడు ఆ కొత్త రంగు గీసుకుపోతుంది. బాత్రూం అవతలి గోడ మీద చెమ్మ మళ్లీ పొంగుతుంది. ఈలోగా దస్తావేజులో పేరు తప్పు బయటపడి కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. అప్పుడు మళ్లీ రంగు! వరస తప్పితే ప్రతి పనీ రెండుసార్లు చేసుకోవాలి. ముందు కాగితాలు, తర్వాత లీకులు, ఆ తర్వాత సామాను, ఆఖర్న రంగు. ఇరవై ముప్పై ఏళ్లు ఉన్న ఇంటికైతే 6 నెలల గడువు పెట్టుకోండి. 3 నెలల్లోనూ అవుతుంది గానీ, చివరి రెండు వారాల్లో ఏది కట్టారో ఏది పారేశారో మీకే గుర్తుండదు.

కాగితాలు

మీకు ఇల్లు వచ్చిన దస్తావేజు, అంతకుముందు చేతులు మారిన లింకు దస్తావేజులు, మంజూరైన ప్లాను, పన్ను రసీదులు, కరెంటు, నీళ్ల బిల్లులు, అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చిన కాగితం అన్నీ ఒక చోటికి చేర్చండి. ఒక్కో కాగితంలో మూడు సంగతులే చూసి పక్కపక్కన రాసుకోండి: పేరు స్పెల్లింగు, స్థలం కొలత, ఇంటి నంబరు. పాత ఇళ్ల కాగితాల్లో ఈ మూడూ అచ్చంగా కలిసిరావడం అరుదు. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకోచోట పొడి అక్షరమే ఉంటుంది. నంబరు మధ్యలో ఎప్పుడో మారి ఉంటుంది. ఇవి సరిదిద్దుకోగలిగినవే. కాకపోతే ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన రోజులు, కొనేవాళ్లు అడ్వాన్సు ఇచ్చి కూర్చున్న రోజులు కాకూడదు.

నెలలు తినేసేవి వేరే ఉన్నాయి. ఇల్లు ఇంకా చనిపోయినవాళ్ల పేరు మీదే ఉండటం ఒకటి. అప్పు ఎప్పుడో తీరినా రికార్డుల్లో తాకట్టు అలాగే మిగిలిపోవడం ఇంకొకటి. ఇక ప్లానులో లేని గదో, మేడమీద షెడ్డో, లోపలికి కలిపేసుకున్న వరండానో ఉంటే దాచకండి. ప్లాను చేతపట్టుకుని టేపుతో కొలిచే మనిషికి కాసేపట్లోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత మీరు నిజం చెప్పిన వాటినీ అనుమానంగానే చూస్తారు.

ఇల్లు అమ్ముడుపోకముందే ఊరు మారేట్టయితే సంతకాలకు ఎవరు వస్తారో ఇప్పుడే తేల్చుకోండి. పవరాఫ్ అటార్నీ ఇవ్వాల్సి వస్తే ఏ పనికి, ఎంతకాలానికి అన్నది లాయరుతో విడమర్చి రాయించండి. ఉమ్మడి ఆస్తి అయితే అందరి ఒప్పుకోలూ కాగితం మీద ఉండాలి. ఫోన్లో "సరేలే" అన్నది లెక్కలోకి రాదు.

నీళ్లు ఎక్కడ కారుతున్నాయి

పాత ఇంటిని లోపల్నుంచి తినేది ఎక్కువగా నీరే. ప్లంబర్‌ని పిలిచేలోపు మీరే కొన్ని పరీక్షలు చేయొచ్చు. అన్ని కుళాయిలూ కట్టేసి మీటరు రీడింగు రాసుకోండి. రెండు గంటలు ఎవరూ నీళ్లు వాడకుండా ఉండి మళ్లీ చూడండి. అంకె కదిలిందంటే ఎక్కడో కారుతోంది. మీటరు లేకపోతే ట్యాంకు నిండాక మోటరు ఆపేసి, లోపలి అంచున నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టి, రాత్రంతా వదిలేసి పొద్దున చూడండి. ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కల వంటరంగు వేసి అరగంట ఎవరూ ఫ్లష్ చేయకుండా ఆగండి. కింద కమోడ్‌లో రంగు కనబడితే లోపలి రబ్బరు మూత అరిగిపోయినట్టే. అది మార్చడం చిన్న పని.

చెమ్మ గోడ సంగతి ఇంత తేలిక కాదు. ముందు ఆ నీరు గోడలోంచి వస్తోందా, గాలిలోంచి వచ్చి గోడకు పడుతోందా తేల్చాలి. సుమారు 45 సెంటీమీటర్ల చదరపు పాలిథిన్ ముక్కను చెమ్మ ఉన్నచోట నాలుగు అంచులా టేపుతో గాలి చొరబడకుండా అంటించి ఒకరోజు వదిలేయండి. ముక్కకు గోడ వైపు తడి చేరితే నీరు గోడ లోపల్నుంచి వస్తోంది. పైపు, మేడమీద స్లాబు, బయట గోడకు ఆనించి ఉన్న మట్టి వీటిలో ఏదో ఒకటి కారణం. పైవైపే తడి ఉంటే గది గాలిలోని తేమ చల్లటి గోడకు తగిలి చెమరుస్తోంది. దానికి కిటికీలు తెరవడం, బీరువాను గోడకు జానెడు దూరం జరపడం చాలావరకు సరిపోతాయి.

గోడ మీద తెల్లటి పొడి రాలుతుంటే అది ఉప్పు. ఇటుకలోని లవణాలను నీరు కరిగించి పైకి తెస్తుంది, నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. దాని మీద రంగు వేస్తే నీరు రంగు పొర వెనక చిక్కుకుని, బుడగలు లేచి, చివరికి పెచ్చులుగా ఊడిపోతుంది. అందుకే ముందు కారే చోటు కట్టేయాలి. తర్వాత ఆ ఉప్పును పొడి బ్రష్షుతోనే రాల్చాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పాడైన ప్లాస్టరు కొట్టేసి, గోడను వారాల తరబడి ఆరనివ్వాలి. కొత్తగా పూసిన ప్లాస్టరు నాలుగు వారాలు ఆరందే రంగు జోలికి పోకండి. 6 నెలల గడువు ఎందుకన్నామో ఇక్కడ తెలుస్తుంది.

పగుళ్లన్నీ ఒకటి కాదు. వెంట్రుకలా ఉన్నవి, 1 మిల్లీమీటరు లోపువి దాదాపు అన్ని పాత గోడలకూ ఉంటాయి, పుట్టీతో పోతాయి. తలుపు మూల నుంచి ఏటవాలుగా పాకేవి, ఇటుకల వరస వెంట మెట్లుమెట్లుగా దిగేవి, 5 మిల్లీమీటర్లు దాటినవి అయితే ఇంజనీరుకు చూపించండి. ఈలోపు పగులు కొస దగ్గర పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేయండి. రెండు నెలల్లో పగులు గీత దాటిపోయిందా లేదా అన్నది, ఇంజనీరుకు మీరు చెప్పే కబుర్లన్నిటికంటే ఎక్కువ చెబుతుంది.

తలుపు చట్రాలను గుమ్మం దగ్గర వేలితో తట్టి చూడండి. డొల్లగా మోగినా, గోడ మీద సన్నటి మట్టి గొట్టం కనబడినా చెదలే. ఆ గొట్టాన్ని మధ్యలో అంగుళం మేర విరగ్గొట్టి నాలుగైదు రోజులాగండి. మళ్లీ కట్టుకుంటే పుట్ట బతికే ఉంది. కట్టకపోయినంత మాత్రాన చెదలు లేనట్టు కాదు, దారి మార్చుకుని ఉండొచ్చు.

చిన్న రిపేర్లలో ముందు చూడాల్సింది కిందికి వాలిపోయిన తలుపు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ల చెయ్యి మొదట పడేది దానిమీదే. చాలాసార్లు పైమడతబందు స్క్రూల రంధ్రం అరిగి వదులైపోయి ఉంటుంది. తలుపు కింద చెక్కముక్క పెట్టి బరువు ఆపి, స్క్రూ తీసి, కొయ్య అగ్గిపుల్లలు మందు కొన తుంచేసి చెక్క జిగురులో ముంచి, రంధ్రం నిండేదాకా దూర్చండి. జిగురు ఆరాక మిగిలింది కోసేసి అదే స్క్రూ బిగిస్తే పట్టేస్తుంది. నేలకు రాసుకునే తలుపును రంద పట్టేముందు ఈ పని చేసి చూడండి. రంద పట్టిన తలుపు కిందిసందు తర్వాత పూడదు.

కొత్త వంటగది, కొత్త టైల్సు లాంటివి పెట్టుకోకండి. కొనేవాళ్లు వాళ్ల అభిరుచికి వాటిని పగలగొట్టుకుంటారు. కారకుండా, మూలగకుండా, వెలుతురుగా ఉన్న ఇల్లు చాలు.

సామాను

ఇక్కడే చాలామంది చతికిలబడతారు. ఫొటో ఆల్బంతో మొదలుపెడితే ఆ మధ్యాహ్నం అక్కడే అయిపోతుంది. మనసు చిక్కుకోని చోట మొదలుపెట్టండి: అటక, బాత్రూం అలమర, మందుల డబ్బా, పాత వైర్ల సంచి. రోజుకు రెండు గంటలే, ఒక చోటే. వెంట వచ్చేవి, ఇచ్చేసేవి, పారేసేవి అని మూడు కుప్పలు. "తర్వాత చూద్దాం" అనే నాలుగో కుప్ప తప్పకుండా పుడుతుంది. దానికి ఒకే ఒక పెట్టె కేటాయించి పైన తేదీ రాయండి. పెట్టె నిండితే కొత్తది పెట్టాలంటే పాతది ఒకటి తీయాల్సిందే.

పెద్ద సామాను మాత్రం టేపు చెప్పినట్టు వినాలి. కొత్త ఇంటి గదులు, తలుపు సందులు, మెట్ల మలుపు, లిఫ్టు కొలతలు తెప్పించుకోండి. సోఫా ఎత్తు, లోతుల్లో ఏది తక్కువైతే అది తలుపు సందు కంటే కనీసం 5 సెంటీమీటర్లు తక్కువగా ఉండాలి. తలుపు తెరిచినా రెక్క మందం సందులో కొంత తినేస్తుందని మరిచిపోకండి.

పాత ఫోన్లు, హార్డ్ డిస్కులు ఇచ్చేసేముందు డేటా తుడిచేయండి. అకౌంటు నంబర్లున్న కాగితాలు చింపేయండి. ఫొటోలను లారీ ఎక్కించకముందే స్కాన్ చేసుకోవడం మంచిది. చిన్న ప్రింట్లకు స్కానర్‌లో 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) పెట్టండి. జిగురు పేజీల ఆల్బంలో ఫొటో అతుక్కుపోతే గోరుతో లాగకండి. పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారాన్ని (డెంటల్ ఫ్లాస్) ఫొటో వెనక పెట్టి రంపంలా మెల్లగా ఇటూ అటూ కదిపితే ఊడివస్తుంది. మొండికేస్తే పేజీతో సహా స్కాన్ చేసి అలాగే వదిలేయండి.

కట్టేటప్పుడు సూత్రం ఒక్కటే, బరువైనవి చిన్న పెట్టెల్లో, తేలికైనవి పెద్ద పెట్టెల్లో. పుస్తకాల పెట్టె 15 కిలోలు దాటితే అడుగు ఊడుతుంది, లేదా మోసేవాళ్ల నడుము పట్టేస్తుంది. పెద్ద పెట్టెలో దిళ్లు, దుప్పట్లు. పళ్లాలను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకండి, అంచు మీద నిలబెట్టండి. కుదుపు కింది నుంచి వచ్చినప్పుడు పడుకున్న పళ్లెం మీద పైవాటి బరువంతా పడుతుంది. అడుగున నలిపిన కాగితం 5 సెంటీమీటర్ల మందం పరవండి. ఊపి చూస్తే చప్పుడు రాకూడదు. న్యూస్‌పేపర్ సిరా తెల్లటి పింగాణీకి అంటుతుంది, లోపలి పొర తెల్ల కాగితం వాడండి. పెట్టెకు పైన కాదు, రెండు పక్కల నంబరు రాయండి. ఒకదాని మీద ఒకటి పేర్చాక పైభాగం ఎవరికీ కనబడదు. మంచం స్క్రూలు జిప్ కవర్లో వేసి ఆ మంచానికే కట్టేయండి.

ఫ్రిజ్ ఖాళీ చేసి ఒకరోజు ముందే ప్లగ్ తీసి, మంచు కరిగాక తుడిచి, బయల్దేరేదాకా తలుపు కాస్త తెరిచి ఉంచండి. ముందు నుంచి తెరిచే వాషింగ్ మెషీన్‌కైతే డ్రమ్మును బిగించే బోల్టులు వెనక వైపు పెట్టాలి. అవి లేకుండా కదిలిస్తే డ్రమ్ము ఊగి స్ప్రింగులు, డ్యాంపర్లు దెబ్బతింటాయి. కొన్నప్పుడు తీసిన బోల్టులు ఎక్కడున్నాయో ఇప్పుడే వెతకండి. టీవీ నిలబెట్టే తీసుకెళ్లాలి. గ్యాస్ సిలిండరు, పెట్రోలు, థిన్నరు, మిగిలిన రంగు డబ్బాలు సామాను లారీలో వేయకూడదు. పవర్‌బ్యాంకులు, నగలు, మందులు, అసలు దస్తావేజులు మీ చేతిసంచిలోనే.

రంగు, ఫొటోలు, తాళంచెవులు

సగం సామాను పోయి, గోడలు ఆరాక రంగు. లేతరంగు ఒకటే ఇల్లంతా. నీటి మరక మీద నేరుగా వేస్తే రెండు కోట్లయినా పసుపుగా పైకి తేలుతుంది, మరకను ఆపే ప్రైమరు ముందు వేయించండి. బల్బులన్నీ ఒకే రకం వెలుగువి పెట్టండి. ఫొటోలు గది మూలలోంచి, కెమెరా ఛాతీ ఎత్తున పట్టుకుని, గోడల నిలువు గీతలు వాలకుండా తీయండి. గదిని మైదానంలా చూపే వైడ్ లెన్సు వద్దు. చూడ్డానికి వచ్చినవాళ్లు గడప దగ్గరే నిరాశపడతారు. మీ ఇంటి వాసన మీ ముక్కుకు అలవాటైపోయి ఉంటుంది. బయటివాళ్లెవరినైనా పిలిచి నిజం చెప్పమనండి. రూంస్ప్రే కొడితే ఏదో దాస్తున్నారనుకుంటారు.

ఇల్లు ఖాళీగా ఉండేట్టయితే వారానికోసారి ప్రతి డ్రెయిన్‌లోనూ చెంబెడు నీళ్లు పోసేవాళ్లు ఉండాలి. పైపు వంపులో నిలిచే నీరు ఆవిరైపోతే మురుగు వాసన నేరుగా ఇంట్లోకొస్తుంది. అలమర తలుపులు తెరిచి ఉంచితే బూజు పట్టదు. ఇన్సూరెన్సు పాలసీలో ఖాళీ ఇంటి గురించి ఏముందో చదవండి, తాళాలు చేతులు మారేదాకా రద్దు చేయకండి.

ఒప్పందంలో ఇంటితోపాటు పోయేవేంటో పేరుపేరునా రాయించండి: ఫ్యాన్లు, గీజరు, మోటరు, ఏసీలు, కర్టెన్ కడ్డీలు. ఇంత పెద్ద బేరం కుదిరాక చివరి రోజు ఫ్యాన్ల దగ్గర గొడవ పడటం మామూలే. అప్పగించే రోజు అన్ని మీటర్ల రీడింగులూ తేదీ కనబడేలా ఫొటో తీయండి. కెమెరాలు, స్మార్ట్ తాళాలు రీసెట్ చేసి మీ అకౌంటు నుంచి తీసేయండి. తాళంచెవులు లెక్కపెట్టి ఇచ్చి సంతకం తీసుకోండి. పక్కింట్లో ఇచ్చి మరిచిపోయిన చెవితో సహా.

కొత్త ఇంట్లో సామాను దిగాక ఫ్రిజ్ వెంటనే పెట్టేయకండి. నిలబెట్టే తెచ్చి ఉంటే 3, 4 గంటలు, దారిలో పడుకోబెట్టి ఉంటే ఒక రోజంతా ఆగండి. కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి జారి ఉంటుంది, అది తిరిగి కిందికి దిగాలి. వాషింగ్ మెషీన్‌కు పెట్టిన బోల్టులు మొదటి ఉతుకుకు ముందే తీసేసి, ఈసారి మెషీన్ వెనకే కవర్లో అంటించి పెట్టండి.