వరంగల్ నుంచి దుబాయికి: ప్రయాణ సమయాన్ని లెక్కగట్టే తీరు

హైదరాబాద్, దుబాయిల మధ్య ఆకాశమార్గ దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం గంటకు దాదాపు 850 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది కాబట్టి, దూరాన్ని వేగంతో భాగించగా వచ్చిన మూడు గంటలకు, పైకి లేవడానికీ కిందికి దిగడానికీ మరో అరగంట కలపాలి. పడమటికి వెళ్లేటప్పుడు, ముఖ్యంగా చలికాలంలో, ఎత్తున వీచే గాలులు ఎదురవుతాయి కనుక నాలుగు గంటలు పట్టవచ్చు. తిరుగు ప్రయాణంలో అవే గాలులు తోడై సమయాన్ని తగ్గిస్తాయి.

చాలామంది పొరబడేది టికెట్టు చదవడంలోనే. అందులో ఏ ఊరి వేళ ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. దుబాయి మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది. ఉదయం 10 గంటలకు బయలుదేరిన విమానం అక్కడి వేళ 12.30కు దిగితే, ప్రయాణం రెండున్నర గంటలు కాదు, నాలుగు గంటలు. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి తొలిసారి గల్ఫ్‌కు వెళ్లే బిడ్డను సాగనంపిన తల్లిదండ్రులకు ఈ లెక్క తెలిస్తే, ఫోను రాలేదని గంటన్నర ముందే కంగారుపడే అవసరం ఉండదు.

హనుమకొండ నుంచి ఘట్‌కేసర్ వద్ద ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ చేరడానికి మూడున్నర గంటలైనా ఉంచుకోవాలి. విమానాశ్రయంలో మూడు గంటల ముందే ఉండాలి కనుక, పై విమానానికి తెల్లవారుజామున 3.30కే ఇల్లు విడవాలి.