మూడు ఆస్పత్రుల మందులు ఒకే కాగితం మీద రాసుకోవడం ఎలా?

కల్యాణదుర్గం, ఉరవకొండ వైపు పల్లెల్లో షుగరు ఉన్న పెద్దవారు మొదట ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి, తగ్గకపోతే అనంతపురం పెద్దాసుపత్రికో బత్తలపల్లి ఆర్డీటీ ఆస్పత్రికో, అక్కడా కుదరకపోతే బెంగళూరుకో వెళతారు. ఒక చోట రాసిన మందు మరొక చోట తెలియదు. చీటీలన్నీ వేరువేరు కవర్లలో ఉండిపోతాయి. వాటిని కలిపి చూడగలిగినది రోగి, లేదా రోగి ఇంటివారు మాత్రమే.

మా అమ్మగారికి ఇద్దరు డాక్టర్లు షుగరు తగ్గించే గ్లైమిపిరైడ్ మాత్రనే రెండు కంపెనీల పేర్లతో రాశారు. రెండూ ఒకటేనని తెలియక రెండూ వేశాము. ఒక తెల్లవారుజామున ఆమెకు ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడింది. షుగరు పడిపోయిందని గుర్తించి చక్కెర నీళ్లు తాగించాము కాబట్టి సరిపోయింది.

అందువల్ల ముందుగా ఇంట్లోని మందులన్నీ ఒక చోట పరచి, మాత్రల షీటు మీద కంపెనీ పేరుతో పాటు చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చూసి రాసుకోండి. పక్కన ఎన్ని మిల్లీగ్రాములు, దేనికోసం, ఏ పూట అన్నది రాయండి. అదే పేరు రెండుసార్లు కనిపిస్తే డాక్టరును అడిగే వరకు ఊరుకోవద్దు. అసలు పేరు అర్థమయ్యేలా రాయమని డాక్టరును కోరడానికి సంకోచం అక్కర్లేదు. మందులను అసలు పేర్లతో, స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లోనే నిబంధన చేసింది. పెన్సిలిన్ వంటివి పడకపోతే ఆ విషయాన్ని కాగితం పైభాగాన ఎర్ర సిరాతో రాయండి. నాటు మందులను, ఒళ్లు నొప్పులకు అడిగి తెచ్చుకునే మాత్రలను దాచవద్దు. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కిడ్నీలు దెబ్బతిన్నవారికి మరింత హాని చేస్తాయి.

రెండు మందుల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉన్నదీ, 100 యూనిట్లు ఉన్నదీ దొరుకుతుంది; సిరంజీలు కూడా వేటికవే వేరు, 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 యూనిట్ల మందును 40 సిరంజీతో పదో గీత వరకు లాగితే ఒంట్లోకి వెళ్లేది 10 కాదు, 25 యూనిట్లు. కాబట్టి షాపులో సీసానూ సిరంజీనీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఇక కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కసారే వేసుకోవాలి; రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఏ రోజున వేసుకోవాలో కాగితం మీద రాసి, ఇంట్లో అందరికీ చెప్పండి.

ఆస్పత్రిలో చేరినప్పుడు ప్రతి ఇంజెక్షనుకు ముందు అది ఏమిటో, ఎవరి పేరున రాశారో మర్యాదగా అడగండి. మంచి నర్సులు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

ఇంటికి పంపే రోజున తొందర పెద్దగా ఉంటుంది, బస్సుకు టైమవుతుంది. అయినా డిశ్చార్జి కాగితాన్నీ మీ పాత కాగితాన్నీ పక్కపక్కన పెట్టి, ఏది కొత్తది, ఏది మోతాదు మారింది, ఏది పూర్తిగా ఆపాలి అని ఒక్కొక్కటే అడిగి రాయించుకోండి. ఆపమన్న మాత్రల షీట్లను అక్కడే సంచిలోంచి తీసి వేరు చేయండి.