విరగని మక్క రొట్టె

గోధుమపిండికి ఉన్న సాగే గుణం మక్కపిండికి లేదు. మరిగే నీళ్లు పడి కొంత ఉడికితేనే దానికి జిగురొస్తుంది. చన్నీళ్లతో ఎంత పిసికినా అంచులు నెర్రెలిస్తాయి.

ఎండు మక్కలను గిర్నీలో మెత్తగా పట్టించి సన్న జల్లెడతో జల్లించండి. రవ్వ ఉన్నచోటే రొట్టె పగులుతుంది. మక్కగింజ మొలకలో నూనె ఉంటుంది, పిండి పాతబడితే చేదెక్కుతుంది. అందుకే వారం పది రోజులకు సరిపడా పట్టించుకుంటే చాలు. దుకాణంలో దొరికే తెల్లటి కార్న్‌ఫ్లోర్ మంచూరియాకే గానీ రొట్టెకు పనికిరాదు.

నాలుగు రొట్టెలకు 2 కప్పుల పిండి, అర చెంచా ఉప్పు, సుమారు ఒకటింబావు కప్పు నీళ్లు. నీళ్లు తెర్లుతుండగానే పిండిలో పోసి, గరిటె కాడతో కలిపి, 10 నిమిషాలు మూత పెట్టండి. చెయ్యి ఓర్చుకునేంత వేడి ఉండగానే 5 నిమిషాలు గట్టిగా మర్దించాలి. చిన్న ఉండ చేసి నొక్కి చూడండి. అంచు చీలితే చెంచాడు వేడినీళ్లు, చేతికంటితే కాస్త పొడిపిండి కలపండి. చల్లారేకొద్దీ ముద్ద బిరుసెక్కుతుంది కాబట్టి తడిగుడ్డ కప్పి ఉంచి, ఏ రొట్టెకు ఆ ఉండను మళ్లీ పిసకాలి.

చేయి తిరిగినవాళ్లు పీట మీద పొడిపిండి చల్లి కొడతారు. కొత్తవాళ్లు తడిపి పిండిన నూలుగుడ్డ మీద, వేళ్లు తడుపుకుంటూ 6 అంగుళాల వెడల్పున తట్టుకోవడం నయం. మందం 5 మిల్లీమీటర్లు ఉండాలి. మెక్సికోలో మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి రుబ్బుతారు. అందుకే ఆ పిండి పట్టు మీద ఉండి టార్టియాలు, అంటే అక్కడి మక్క రొట్టెలు, పల్చగా వస్తాయి. మన పిండితో ఆ పలుచన కోసం పోతే పెనానికి చేరేలోపే విరుగుతుంది.

ఇనుప పెనం మీద నీటిచుక్క వేస్తే చురచురలాడాలి. చాలినంత కాలకపోతే రొట్టె అంటుకుంటుంది. గుడ్డతో సహా బోర్లించి, గుడ్డను మెల్లగా ఒలవండి. పొడిపిండి మీద కొట్టినదైతే పైన తడిచేత్తో తుడవాలి, లేకపోతే లోపల ఉడికేలోపే పైభాగం ఎండి పగులుతుంది. తడి ఆరుతుండగా తిప్పి, మధ్యస్థం మంట మీద రెండు నిమిషాలు కాల్చండి. మళ్లీ తిప్పి గుడ్డతో అంచులు నొక్కాలి. మంట పెద్దదైతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, మరీ చిన్నదైతే అట్టలా గట్టిపడుతుంది. జొన్నరొట్టెలా పొంగకపోయినా తప్పు లేదు.

పుంటికూర పప్పుతోనో పచ్చిమిర్చి తొక్కుతోనో వేడిమీదే తినాలి. చల్లారి గట్టిపడ్డదాన్ని తుంచి మజ్జిగలో నానేయండి.