పార్లమెంటులో ఆరోగ్య నిధుల గురించి చెప్పిన అంకెను చదవడం ఎలా?

ఆరోగ్యానికి ఇన్ని వేల కోట్లు పెంచామని మంత్రి సభలో చెబుతారు. ప్రతిపక్ష సభ్యుడు లేచి అది పెంపు కాదు, కోత అంటారు. మరునాడు పత్రికలో రెండు మాటలూ పక్కపక్కనే అచ్చవుతాయి, చదివినవారు తమకు నచ్చిన పార్టీ మాటను నమ్మి ఊరుకుంటారు. అలా ఊరుకోవలసిన అవసరం లేదు. ఇద్దరి మాటలనూ సరిచూసే కాగితాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి, ఒక పూట కూర్చుంటే పని అయిపోతుంది. మా ఆరోగ్య కార్యకర్తల బృందం వేసే కరపత్రాలకు చాలా ఏళ్లుగా ఈ లెక్కలు చూసిపెడుతున్నాను. తప్పు ఎప్పుడూ ఒకే చోట జరుగుతుంది కాబట్టి ఆ చోట ఎక్కువసేపు ఆగుతాను, మిగిలినవి త్వరగా చెబుతాను.

కావలసినవి: ఇంటర్నెట్, ప్రింటు తీసే వీలు, పెన్సిలు, మామూలు కాలిక్యులేటరు. తెర మీద చదవకూడదు, కాగితం మీదే చదవాలి. తెర మీద ఒక పట్టిక చూస్తూ ఉండగానే ముందు చూసిన పట్టిక మరుపున పడుతుంది.

మొదటి మెట్టు: ప్రశ్నను, జవాబును తెచ్చుకోవడం

పార్లమెంటు వెబ్‌సైటులో సభ, సమావేశం, మంత్రిత్వ శాఖ ఎంచుకుంటే ప్రశ్నల జాబితా వస్తుంది. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు సభలో మౌఖికంగా సమాధానం చెబుతారు, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు మాత్రమే ఉంటుంది. నక్షత్ర గుర్తు ప్రశ్న అయితే సభా చర్చల పూర్తి పాఠం కూడా తీసుకోవాలి, ఎందుకంటే అసలు విషయం చాలాసార్లు అనుబంధ ప్రశ్నలోనే బయటపడుతుంది. టీవీలో వచ్చే రెండు నిమిషాల ముక్క చూసి ఏదీ రాయకూడదు. ఆ ముక్కను కోసినవారు ఏది వదిలేశారో మనకు తెలియదు.

రెండవ మెట్టు: ప్రశ్నను ముందు చదవడం

అందరూ జవాబుకు ఎగబడతారు, అది తప్పు. ప్రశ్నలో (ఎ), (బి), (సి), (డి) అని భాగాలుంటాయి. జవాబు తరచుగా "(ఎ) నుంచి (డి) వరకు" అని ఒకే ముద్దగా వస్తుంది. పెన్సిలుతో ఒక్కొక్క భాగానికి జవాబు ఎక్కడుందో గీత గీయండి. గీత ఎటూ వెళ్లని భాగం ఏదైనా మిగిలితే దానికి జవాబు రాలేదన్నమాట, ఆ సంగతి మీరు రాసేదానిలో తప్పక ఉండాలి.

"ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల పరిధిలోని అంశం" అన్న వాక్యంతో మొదలయ్యే జవాబులు లెక్కలేనన్ని ఉంటాయి. అది నిజమే, రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో రాష్ట్రాల జాబితా ఆరవ అంశం అదే. అయితే జాతీయ ఆరోగ్య మిషన్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వంటి రాష్ట్రాలకు ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున పంచుకునేదే, మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు కేంద్ర సంస్థలే. కనుక ఆ వాక్యం దగ్గర చదవడం ఆపకండి.

మూడవ మెట్టు: అంకెను దేనితో పోల్చారో కనిపెట్టడం

చేతులు కాలేది ఇక్కడే, కనుక తొందరపడకండి. ప్రతి పద్దుకూ మూడు అంకెలు ఉంటాయి. సంవత్సరం మొదట్లో అనుకున్నది బడ్జెట్ అంచనా, మధ్యలో మార్చుకున్నది సవరించిన అంచనా, చివరికి ఖర్చు అయినది వాస్తవ వ్యయం. సభలో మాట్లాడేవారు ఈ మూడింటిలో తమ వాదనకు పనికొచ్చేదాన్ని ఎంచుకుంటారు, ఎంచుకున్నట్టు చెప్పరు.

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ విభాగం పద్దునే చూడండి. 2020-21 బడ్జెట్ అంచనా 65,012 కోట్ల రూపాయలు. కోవిడ్ వల్ల ఆ ఏటి సవరించిన అంచనా 78,866 కోట్లకు పెరిగింది. 2021-22 బడ్జెట్ అంచనా 71,269 కోట్లు. మొదటి అంకెతో పోలిస్తే ఇది 9.6 శాతం పెంపు, రెండవ దానితో పోలిస్తే 9.6 శాతం కోత. రెండు లెక్కలూ కాలిక్యులేటరులో వేసి చూడండి. ఒకే పద్దు, ఒకే శాతం, దిశ మాత్రం ఎదురెదురు. అప్పట్లో మా బృందంలోని అమ్మాయి ఈ కాగితం పట్టుకొచ్చి "అక్కా, ఇంతకీ పెరిగిందా, తగ్గిందా?" అని అడిగింది. "దేనితో పోల్చి?" అన్నదే నేను చెప్పగలిగిన జవాబు. ఆ మాట రాయకుండా పెరిగిందని రాసినా, తగ్గిందని రాసినా పాఠకుణ్ణి మోసగించినట్టే.

ఏ రెండు అంకెలు పోల్చాలన్న విషయంలో నా నియమం ఒక్కటే: బడ్జెట్ అంచనాను బడ్జెట్ అంచనాతోనే పోల్చాలి, వాస్తవ వ్యయాన్ని వాస్తవ వ్యయంతోనే పోల్చాలి. సవరించిన అంచనాతో పోల్చడమే సరైనదని కొందరు వాదిస్తారు. అది విపత్తు వచ్చిన ఏడాదిని మామూలు ఏడాదిగా లెక్కగట్టడం అవుతుంది కాబట్టి నేను ఒప్పుకోను. సవరించిన అంచనాను పక్కన విడిగా రాసుకోండి, శీర్షికకు ఎక్కించకండి.

ఇంతకన్నా కష్టమైన చిక్కు మరొకటి ఉంది. సంవత్సరాలు సరిగా పోల్చినా, ఆ మొత్తంలో ఏమేమి కలిపారన్నది వేరే ప్రశ్న. 2021 ఫిబ్రవరి 1న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ "ఆరోగ్యం, శ్రేయస్సు" కింద కేటాయింపు 94,452 కోట్ల నుంచి 2,23,846 కోట్లకు, అంటే 137 శాతం పెరిగిందని ప్రకటించారు. భాగహారంలో తప్పులేదు. కానీ ఆ బడ్జెట్ ప్రసంగానికి జతచేసిన అనుబంధంలోని పట్టికను పక్కన పెట్టుకుని, ఏడాది పెరుగుదల 1,29,394 కోట్లను విడదీయండి. అందులో తాగునీరు, పారిశుద్ధ్య విభాగానికి పెరిగింది 38,512 కోట్లు. ఆర్థిక సంఘం (కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా ఎంతో సూచించే సంఘం) సిఫారసు మీద నీరు, పారిశుద్ధ్యం, ఆరోగ్యం కోసం ఇచ్చే గ్రాంట్లు 49,214 కోట్లు, ముందు ఏడాది గడిలో వీటికి అంకే లేదు. కోవిడ్ టీకాలకు 35,000 కోట్లు. ఆరోగ్య, కుటుంబ సంక్షేమ విభాగానికి పెరిగింది 6,257 కోట్లు, మొత్తం పెరుగుదలలో అయిదు శాతం కూడా కాదు. పోషకాహారానికి 3,700 కోట్ల నుంచి 2,700 కోట్లకు తగ్గింది.

మంచినీరు ఆరోగ్యానికి ముఖ్యం కాదని ఎవరూ అనరు. కలుషిత నీటితో వచ్చే జబ్బులు వార్డులను ఎలా నింపుతాయో పల్లెల్లో పనిచేసేవారికి తెలుసు. నీటి కుళాయికి పెట్టిన డబ్బును ఆసుపత్రి మంచానికి పెట్టినట్టు చదవకూడదన్నదే నా మాట. ఆ ఏడాది మా పట్టణంలో పంచిన ఒక కరపత్రంలో "ఆసుపత్రులకు నిధులు రెట్టింపుకు పైగా" అని పెద్ద అక్షరాలతో వేశారు. అది చదివి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులెందుకు లేవని జనం నర్సులను నిలదీశారు. లెక్క తప్పు చదివినవారు ఒకరు, మాట పడినవారు వేరొకరు.

జీడీపీలో (దేశ స్థూల ఉత్పత్తిలో) శాతంగా చెప్పే అంకెకూ ఇదే జాగ్రత్త కావాలి. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి 2.5 శాతం ప్రభుత్వ వ్యయాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. ఆ లక్ష్యం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఖర్చు కలిపి చెప్పినది. దేశంలో ఆరోగ్యానికి ఎవరెంత ఖర్చు పెట్టారో లెక్కగట్టే జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2021-22లో ఆ ఉమ్మడి వ్యయం 1.84 శాతం. కేంద్రం ఎంత పెట్టిందని సభ్యుడు అడిగితే జవాబులో ఉమ్మడి అంకె వచ్చిందా అన్నది చూసుకోండి.

నాలుగవ మెట్టు: పన్నుల మాట వచ్చినప్పుడు

ఆదాయపు పన్ను మీద నాలుగు శాతం ఆరోగ్య, విద్యా సెస్సు (ఒక అవసరం పేరిట పన్ను మీద అదనంగా వేసే పన్ను) 2018 బడ్జెట్‌తో వచ్చింది, అంతకుముందు విద్యకు మాత్రమే మూడు శాతం ఉండేది. సెస్సులు, సర్‌ఛార్జీలు (పన్ను మీద వేసే మరో అదనపు వడ్డన) రాష్ట్రాలకు పంచే పన్నుల్లో చేరవు. 15వ ఆర్థిక సంఘం చెప్పిన 41 శాతం వాటా వీటికి వర్తించదు. ఆసుపత్రులు నడపవలసింది రాష్ట్రాలు, ఆరోగ్యం పేరిట వసూలయ్యే సెస్సు ముందుగా చేరేది కేంద్రానికి. అందువల్ల సెస్సు గురించిన జవాబులో వసూలు ఎంత, అందులో ఆరోగ్యానికి వెళ్లింది ఎంత అన్న రెండు అంకెలనూ వెదకండి. ఒకటే ఉంటే, లేనిదేదో రాయండి.

ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఉండగా 2024 ఆగస్టులో ప్రతిపక్ష ఎంపీలు పార్లమెంటు ఆవరణలో నిరసన తెలిపారు. పన్ను జీఎస్టీకి ముందు నుంచే ఉందని ఆర్థిక మంత్రి సభలో జవాబిచ్చారు. పన్ను ఉండాలా అన్నది ఒకరి ప్రశ్న, ఎప్పటినుంచి ఉందన్నది మరొకరి జవాబు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలకు ఆ పన్ను తీసేశారు కనుక పాత జవాబు వాడేటప్పుడు తేదీ తప్పక వేయండి.

అయిదవ మెట్టు: రాయడం, దాచుకోవడం

ఒక్క వాక్యం రాయండి. అందులో సంవత్సరం, ఏ అంచనా, ఏ విభాగం, దేనితో పోలిక అన్న నాలుగూ ఉండాలి. "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అన్న జవాబు వస్తే అది ప్రభుత్వ హామీ అవుతుంది. దానిని నెరవేర్చడానికి మామూలుగా మూడు నెలల గడువు ఉంటుంది, పార్లమెంటు హామీల కమిటీ ఆ సంగతి చూస్తుంది. క్యాలెండరులో ఆ తేదీ గుర్తు పెట్టుకోండి. కాగితాలు మాత్రం పారేయకండి. 2021-22 వాస్తవ వ్యయం 2023-24 బడ్జెట్ పత్రాల్లో గానీ అచ్చు కాలేదు. రెండేళ్ల తరువాత ఆ మూడవ అంకెను అదే కాగితం మీద, అదే వరుసలో పెన్సిలుతో నింపాలి.