లోడు ఎక్కించే ముందు లారీ రికార్డు, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు రిజిస్ట్రేషన్ చూసుకోవడం ఎలా (కోరాపుట్, రాయగడ వైపు వాళ్ళ కోసం)

పోయిన వేసవిలో మా బావ జయపురం నుంచి విజయనగరానికి చింతపండు లోడు పంపాడు, ఎప్పుడూ పంపే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసే, బోర్డు చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే, సుంకి ఘాటీ దిగుతుంటే బ్రేకులు పట్టక లారీ మలుపులో పక్కకి పడిపోయింది. దేవుడి దయ వల్ల డ్రైవరూ క్లీనరూ బతికి బయటపడ్డారు. ఆ రాత్రి బండి నంబర్ ఫోన్లో కొట్టి చూస్తే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు అయిపోయి నాలుగు నెలలు. ఆఫీసుకెళ్ళి అడిగితే "ఆ బండి మాది కాదండీ, మార్కెట్లో పట్టిన బండి" అన్నారు. ఐదు నిమిషాల పని, లోడుకి ముందే చేసుకోవాల్సింది.

అమెరికాలో ట్రకింగ్ కంపెనీలకి యూఎస్ డాట్ నంబర్ అని ఉంటుంది, అది కొడితే ఎన్ని బళ్ళున్నాయి, గత రెండేళ్ళలో ఎన్ని యాక్సిడెంట్లు, చెకింగ్‌లో ఎన్ని బళ్ళు ఆపేశారు అన్నీ ఒకే పేజీలో వచ్చేస్తాయి. మన దగ్గర అలా కంపెనీ పేరు మీద రాదు, బండి నంబర్ మీద వస్తుంది. పైగా మన వైపు చాలా ఆఫీసులు సొంత బళ్ళు పెట్టుకోవు, బుకింగ్ తీసుకుని బయట బండి పడతాయి. అందుకని బండి గోడౌన్ ముందుకి వచ్చాక, కళాసీలు మొదటి బస్తా ఎత్తకముందే, నంబర్ మీరే కళ్ళతో చూసి కొట్టండి, ఆఫీసువాడు ఫోన్లో చెప్పిన నంబర్ కాదు, చాలాసార్లు చెప్పేది ఒకటి వచ్చేది ఇంకోటి.

పరివాహన్ డాట్ గవ్ డాట్ ఇన్ సైట్లో ఇన్ఫర్మేషనల్ సర్వీసెస్ కింద 'నో యువర్ వెహికల్ డిటైల్స్' అని ఉంటుంది. మొబైల్ నంబర్‌తో అకౌంట్ చేసుకుని, ఓటీపీ ఇచ్చి, బండి నంబర్, క్యాప్చా కొడితే వివరాలు వస్తాయి. ఎం-పరివాహన్ యాప్‌లోనూ ఇదే చూడొచ్చు. ఓనరు పేరు మధ్యలో చుక్కలు పెట్టి సగమే చూపిస్తుంది, కాబట్టి డ్రైవర్ దగ్గర ఆర్సీ ఫోటో తీసుకుని ఆ కనిపించే అక్షరాలతో పోల్చుకోండి. నంబర్ ఓడీ 10 అయితే కోరాపుట్, ఓడీ 18 రాయగడ, ఓడీ 20 గజపతి.

అందులో ముందు చూడాల్సింది ఫిట్‌నెస్ తేదీ. ఎనిమిదేళ్ళ లోపు లారీకి రెండేళ్ళకోసారి, ఎనిమిది దాటితే ప్రతి ఏడాదీ ఎఫ్‌సీ చేయించాలి, అంటే ఘాటీ ఎక్కే పాత బళ్ళకి ఇదే అసలు పరీక్ష. తర్వాత ఇన్సూరెన్స్ తేదీ, పొల్యూషన్, పర్మిట్. నేషనల్ పర్మిట్ ఉందా లేదా చూడండి, ఒట్టి ఒడిశా పర్మిట్ మీద ఆంధ్రలోకి దిగితే సాలూరు వైపు పట్టుకుంటారు, మీ సరుకు రోడ్డు పక్కన ఎండుతూ ఉంటుంది. ఇంకో మాట, బండికున్న ఇన్సూరెన్స్ మీ సరుక్కి వర్తించదు, సరుక్కి ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ వేరేగా తీసుకోవాలి, మా బావకి ఇది పడిపోయాకే తెలిసింది.

చలాన్ల కోసం ఈ-చలాన్ పరివాహన్ సైట్లో బండి నంబర్‌తో పాటు ఛాసిస్ లేదా ఇంజిన్ నంబర్ చివరి ఐదు అంకెలు అడుగుతుంది, అవి ఆర్సీలో ఉంటాయి. స్పీడు, ఓవర్‌లోడు చలాన్లు వరసగా కనిపిస్తే ఆ బండి వద్దనే అంటాను. ఓవర్‌లోడుకి 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకి 2,000, ఇంత ఫైను ఉండి కూడా మళ్ళీ మళ్ళీ చేస్తున్నాడంటే బ్రేకుల మీద ఖర్చు పెడతాడని నేను నమ్మను. డ్రైవర్ లైసెన్సు సారథి సైట్లో నంబర్, పుట్టిన తేదీ కొడితే వస్తుంది, ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు వాలిడిటీ ఐదేళ్ళు.

ఇక ఆఫీసు సంగతి. క్యారేజ్ బై రోడ్ చట్టం 2007 అని ఒకటుంది, 2011 నుంచి అమల్లో ఉంది, బాడుగకి ఊరందరి సరుకు బుక్ చేసుకుని బిల్టీ (సరుకు బుకింగ్ రసీదు) ఇచ్చే ప్రతి ఆఫీసూ దాని కింద రిజిస్టర్ అవ్వాలి, సర్టిఫికెట్ పదేళ్ళు చెల్లుతుంది. కాపీ చూపించమని నేరుగా అడగండి, మొహమాటం వద్దు. జీఎస్టీ నంబర్ ఇస్తే జీఎస్టీ సైట్లో కొట్టండి, యాక్టివ్ ఉందో క్యాన్సిల్ అయిందో, అసలు పేరేంటో వస్తుంది, ఒడిశా నంబర్ 21తో, ఆంధ్ర నంబర్ 37తో మొదలవుతుంది. జీఎస్టీ లేదన్నా కంగారు పడొద్దు, చిన్న ట్రాన్స్‌పోర్టర్లకి లేకపోవచ్చు, అప్పుడు ఈ-వే బిల్ సైట్లో సెర్చ్ కింద ట్రాన్స్‌పోర్టర్స్‌లో వాళ్ళ 15 అంకెల ఐడీ కొట్టి చూడండి.

సర్టిఫికెట్ చూపించకుండా దాటేస్తుంటే ఆర్టీవో ఆఫీసులో ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టొచ్చు. ఒడిశాలో ఫారం ఏ నింపి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, గుర్తింపు కార్డు కాపీ పెట్టి పీఐవోకి (అక్కడి సమాచార అధికారికి) ఇవ్వాలి. ఫలానా పేరుతో ఈ అడ్రస్‌లో ఉన్న ఆఫీసుకి 2007 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, నంబర్ ఎంత, ఎప్పటివరకు, ఇంతే అడగండి. తెలుగులో రాస్తే తీసుకోరు, ఒడియా, హిందీ, ఇంగ్లీషే. రాయడం రాకపోతే నోటితో చెప్పండి, రాసిపెట్టడంలో సాయం చెయ్యాల్సిన బాధ్యత పీఐవోదే, చట్టంలోనే ఉంది. జవాబుకి 30 రోజులు.

బిల్టీ చేతికొచ్చాక బండి నంబర్, సరుకు విలువ రాశారా చూడండి. విడిగా ఎక్కువ రిస్కు రేటు (సరుకు పోతే ఎక్కువ బాధ్యత తీసుకోవడానికి ఇచ్చే అదనపు బాడుగ) మాట్లాడుకోకపోతే నష్టపరిహారం బాడుగకి పది రెట్లకే పరిమితం. అంటే 18,000 బాడుగ మీద 6 లక్షల సరుకు పోతే వచ్చేది మహా అయితే 1,80,000. కేసు వెయ్యాలన్నా ముందు బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి, స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు బిల్టీకి పిన్ను కొట్టి దాచండి.