హాస్టల్లో గ్యాస్ గీజర్ ఇబ్బంది పెడుతుంటే: సమస్య - పరిష్కారం

డిసెంబరు వచ్చిందంటే అమీర్‌పేట, ఎస్సార్ నగర్, మాదాపూర్ హాస్టళ్ల నుంచి నాకు తెల్లవారకముందే ఫోన్లు మొదలవుతాయి. గీజర్ వెలగట్లేదు, వెలిగి ఆరిపోతోంది, నీళ్లు కాగట్లేదు, బుడ్డుమని శబ్దం వస్తోంది. ఎన్ని ఫోన్లు వచ్చినా కారణాలు పదికి మించవు. వాటిలో సగం వార్డెన్లు సొంతంగా సరిచేసుకోగలిగినవే. కానీ ఇన్నేళ్లలో ఒక్కరు కూడా "స్నానం చేశాక మా పిల్లలకు తలనొప్పి వస్తోంది, ఒకసారి గీజర్ చూసి వెళ్లండి" అని ఫోన్ చేయలేదు. అన్నిటికంటే ముందు పిలవాల్సింది దానికే. అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

స్నానం చేసి వచ్చాక తలనొప్పి, కళ్లు తిరగడం, కడుపులో తిప్పడం

రెండేళ్ల కిందట ఒక అమ్మాయిల హాస్టల్ నుంచి "గీజర్ మధ్యలో ఆగిపోతోంది" అని పిలిచారు. వెళ్లి చూస్తే గీజర్ బాత్రూం లోపలే బిగించి ఉంది. చలిగాలి, దోమలు రాకుండా వెంటిలేటర్‌కు అట్టముక్క పెట్టి టేపు వేశారు. గీజర్‌లో ఏ లోపమూ లేదు. గాలి అందక మంట పసుపుపచ్చబడి, ఊగిపోయి ఆరిపోతోంది. నేను అట్ట పీకుతుంటే అక్కడ నిలబడిన అమ్మాయి ఒకమాట అంది: "అంకుల్, తలస్నానం చేసిన రోజే నాకు తలనొప్పి వస్తుంది. జుట్టు తడిగా ఉండటం వల్ల అనుకున్నా." నాకు చేతులు చల్లబడ్డాయి. తలస్నానం రోజు ఆ అమ్మాయి లోపల ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఉంటోంది. తడి జుట్టుకూ ఆ నొప్పికీ సంబంధం లేదు.

కారణం ఇది. నిమిషానికి ఆరు లీటర్ల నీళ్లిచ్చే గీజర్ గంటకు దాదాపు 0.9 కిలోల ఎల్‌పీజీ కాలుస్తుంది. అంత గ్యాస్ పూర్తిగా కాలాలంటే గంటకు సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న హాస్టల్ బాత్రూంలో ఉన్న గాలే మొత్తం 8 ఘనపు మీటర్లు. తలుపు గడియ పెట్టి వెంటిలేటర్ మూసేస్తే ఇరవై నిమిషాల్లో అందులో సగం గాలిని మంటే వాడేసుకుంటుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ గ్యాస్ సగం సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు ఉండదు, వాసన ఉండదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌కంటే దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత కాళ్లలో సత్తువ పోవడం. గడియ తీసుకుని బయటికి రావాలనుకున్నా లేవలేని స్థితి వస్తుంది. ఈ గీజర్లలో చాలావాటికి పొగగొట్టం కూడా ఉండదు. కాలిన గాలంతా గదిలోకే వస్తుంది.

పరిష్కారం ఒక్కటే: గీజర్‌ను బాత్రూం బయటికి తీయాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టామండీ, కిటికీ తీసే స్నానం చేయమన్నామండీ అంటారు. చలికాలం పొద్దున అయిదున్నరకు కిటికీ తీసి స్నానం చేసేవాళ్లు ఎవరో చెప్పండి. మనిషి గుర్తుపెట్టుకోవడం మీద ఆధారపడిన జాగ్రత్త ఏదో ఒకరోజు తప్పుతుంది. బాల్కనీలోనో, గాలి ధారాళంగా ఆడే వరండాలోనో గీజర్ బిగించి, అక్కడి నుంచి వేడి నీళ్లకు పనికొచ్చే సీపీవీసీ పైపు లోపలికి తీసుకెళ్లండి. మామూలు పీవీసీ పైపు వేడికి మెత్తబడుతుంది. పైపు పొడవైతే వేడి తగ్గకుండా పైన ఫోమ్ తొడుగు వేయించండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. బాత్రూంలోంచి తీసి బాత్రూంల మధ్య ఉన్న ఇరుకు షాఫ్ట్‌లో పెడతారు. పై అంతస్తుల వెంటిలేటర్లన్నీ ఆ షాఫ్ట్‌లోకే తెరుచుకుంటాయి. కింద కాలిన గాలి పైవాళ్ల బాత్రూంలోకి పోతుంది. షాఫ్ట్ వద్దు. పడకగది కిటికీ కింద కూడా వద్దు.

లోపల ఎవరైనా పిలిచినా పలకకపోతే ఆలోచించొద్దు, తలుపు పగలగొట్టండి. ఊపిరి బిగబట్టి వెళ్లి మనిషిని బయటి గాలిలోకి లాగండి. గ్యాస్ కట్టేయమని ఇంకొకరికి చెప్పి 108కి ఫోన్ చేయండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ 98 చూపించిందని ఊరుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంలాగే లెక్కపెడుతుంది. డాక్టరుకు "గ్యాస్ గీజర్ నడుస్తుండగా పడిపోయింది" అన్న మాట తప్పకుండా చెప్పండి. ఆ మాట వింటే ఏ పరీక్ష చేయాలో వాళ్లకు వెంటనే తెలుస్తుంది.

వంటింట్లో గ్యాస్ లీకేజీకి పెట్టే అలారం కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టలేదు. దానికి వేరే అలారం ఉంటుంది, వేరుగా కొనాలి.

మంట పసుపుపచ్చగా ఉంది, గీజర్ పైభాగంలో మసి

ఇది కూడా పై సమస్యకు చుట్టమే. ఆరోగ్యంగా ఉన్న మంట నీలంగా, నిలకడగా ఉంటుంది. పచ్చబడిందంటే గాలైనా తక్కువ, గ్యాసైనా ఎక్కువ. లోపల నీళ్లకు వేడి అందించే రాగి రెక్కల మధ్య మసి పేరుకుంటే కాలిన గాలి పైకి పోదు, మంట ఇంకా పచ్చబడుతుంది. బర్నర్‌లో సాలెగూడు ఉన్నా ఇంతే. వేసవి అంతా వాడకుండా వదిలేసిన గీజర్లలో సాలీళ్లు గూళ్లు కట్టడం నేను చాలాసార్లు చూశాను. చలికాలం మొదట్లో ఒకసారి బర్నర్, రెక్కలు శుభ్రం చేయిస్తే సరిపోతుంది.

శుభ్రం చేసినా మంట పచ్చగా, ఎత్తుగా లేస్తోందా? రెగ్యులేటర్ చూడండి. హాస్టల్ వంటింట్లో పెద్ద పొయ్యిలకు హై ప్రెషర్ రెగ్యులేటర్ వాడతారు. దగ్గరుంది కదా అని అదే లైను నుంచి గీజర్‌కు గొట్టం లాగేస్తారు. గీజర్ కోరేది ఇంటి పొయ్యికి వచ్చేంత ప్రెషర్ మాత్రమే, అంటే దాదాపు 30 మిల్లీబార్లు. దాని మీదికి భట్టీ ప్రెషర్ పంపితే లోపలి వాల్వు పాడవుతుంది, మంట బయటికి ఎగజిమ్ముతుంది. గీజర్‌కు వేరే లైను, వేరే లో ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టించే వరకు దాన్ని వెలిగించకండి. పైపు గ్యాస్ వచ్చిన బిల్డింగుల్లో అయితే ఎల్‌పీజీ గీజర్‌ను అలాగే కలపడం కుదరదు. దాని జెట్లు (గ్యాస్ చిమ్మే సన్నని రంధ్రాలు) వేరు, ప్రెషర్ వేరు. కంపెనీ మెకానిక్ మార్చగలిగితే మార్చాలి, లేకపోతే పైపు గ్యాస్ మోడల్ కొనాలి.

నల్లా తిప్పితే టిక్ టిక్ శబ్దమే రావట్లేదు

ఈ గీజర్లు నీటి ఒత్తిడితో మేలుకుంటాయి. నీళ్లు పారితే లోపల రబ్బరు పొర వంగి చిన్న స్విచ్ నొక్కుతుంది, అప్పుడు నిప్పురవ్వ వస్తుంది, వాల్వు తెరుచుకుంటుంది. శబ్దమే లేదంటే ముందు సెల్స్ మార్చండి. టార్చిలైటులో వేసే పెద్ద సెల్స్ రెండు. మార్చేటప్పుడు రెండూ కొత్తవే వేయండి.

సెల్స్ కొత్తవైనా పలకకపోతే నీళ్ల ఒత్తిడి చాలట్లేదు. చాలా మోడళ్లకు ట్యాంకు నీటిమట్టం గీజర్‌కు కనీసం రెండు, రెండున్నర మీటర్ల పైన ఉండాలి. అందుకే మొదటి అంతస్తులో చక్కగా పనిచేసే గీజర్ చివరి అంతస్తులో మొరాయిస్తుంది. గీజర్ పాడైందని మార్చేస్తారు, కొత్తదీ అంతే చేస్తుంది. ట్యాంకు కిందకు ఇటుకల దిమ్మె ఎత్తు పెంచాలి, లేదా ఆ అంతస్తుకు చిన్న ప్రెషర్ పంపు పెట్టాలి. నిన్నటిదాకా బాగుండి ఇవాళ ఆగిందంటే మాత్రం గీజర్‌లోకి నీళ్లు వచ్చేచోట ఉన్న జాలీ విప్పి కడగండి. బోరు నీళ్ల ఇసుక అక్కడ చేరుతుంది. షవర్ రంధ్రాలు సున్నం పట్టి మూసుకున్నా ఒత్తిడి ఇలాగే పడిపోతుంది.

టిక్ టిక్ అంటోంది కానీ వెలగట్లేదు. లేదా బుడ్డుమని పేలినట్టు వెలుగుతోంది

కొత్త సిలిండర్ పెట్టిన రోజు గొట్టంలో గాలి ఉంటుంది. రెండు మూడుసార్లు ఆపి తిప్పితే వెలుగుతుంది. అలా కాకపోతే గొట్టం ఎక్కడైనా మడతపడిందేమో, వాల్వు పూర్తిగా తెరిచారో లేదో చూడండి.

బుడ్డుమనడాన్ని తేలిగ్గా తీసుకోకండి. గ్యాస్ ముందు వచ్చి రవ్వ ఆలస్యంగా తగిలితే ఆ కొన్ని క్షణాల్లో పోగైన గ్యాస్ ఒక్కసారి అంటుకుంటుంది. సెల్స్ బలహీనమైతే, రవ్వ వచ్చే పిన్ను మీద మసి పడితే, పిన్ను వంగితే ఇలా అవుతుంది. సెల్స్ మీరే మార్చండి, పిన్ను మెకానిక్‌ను సరిచేయనివ్వండి.

వెలిగి కాసేపటికే ఆరిపోతోంది

సరిగ్గా ఇరవై నిమిషాలకు ఆగుతుంటే అది రిపేరు కాదు. చాలా మోడళ్లలో కంపెనీవాళ్లే పెట్టిన భద్రత. దాన్ని తీసేయమని నన్ను అడగకండి, చేయను.

కొన్ని సెకన్లకే ఆరితే మంటను కనిపెట్టే రెండో పిన్ను మీద మసి ఉంటుంది. బాల్కనీలో పెట్టిన గీజర్ అయితే గాలి తోసేస్తుండవచ్చు. పక్కల రేకు అడ్డం పెట్టండి, కింద, పైన మాత్రం తెరిచే ఉంచండి. ఇంకో మామూలు కారణం నీళ్లు కలుపుకోవడం. వేడి ఎక్కువైందని చల్లనీళ్ల నల్లా ఎక్కువ తిప్పితే గీజర్‌లో పారే నీళ్లు తగ్గి అది ఆగిపోతుంది. చల్లనీళ్లు కలపకుండా గీజర్ మీదున్న గ్యాస్ నాబ్ తగ్గించాలి. ఈ ఒక్క ముక్క బాత్రూంలో కాగితం మీద రాసి అంటించిన హాస్టల్ నుంచి నాకు ఫోన్లు బాగా తగ్గాయి.

ఆరు గంటలకు బాగుంటుంది, ఏడింటికి అన్ని గీజర్లూ నీరసపడతాయి

నాలుగు గీజర్లు ఒకే 19 కిలోల సిలిండర్ మీద నడిస్తే గంటకు 3.6 కిలోలు లాగుతాయి. సిలిండర్‌లో ఉన్నది ద్రవం. అది ఆవిరవ్వాలంటే వేడి కావాలి, ఆ వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే తీసుకోవాలి. చలికాలం ఉదయం అంత వేడి అందదు. సిలిండర్ చల్లబడి అడుగు భాగం చెమర్చుతుంది, ఒక్కోసారి మంచు కూడా కడుతుంది. లోపల ప్రెషర్ పడిపోతుంది. వాచ్‌మన్ గ్యాస్ అయిపోయిందనుకుని ఇంకా కిలోల కొద్దీ గ్యాస్ ఉన్న సిలిండర్‌ను మార్చేస్తాడు. ఒక హాస్టల్‌లో తీసి పక్కనపెట్టిన "ఖాళీ" సిలిండర్‌ను తూకం వేస్తే ఇంకా అయిదు కిలోలకు పైగా ఉంది.

దీనికి సిలిండర్ మీద వేడినీళ్లు పోయడం, అడ్డంగా పడుకోబెట్టడం చేస్తారు. రెండూ ప్రాణం మీదికి తెచ్చే పనులు. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే గొట్టంలోకి వస్తుంది. సరైన దారి రెండు మూడు సిలిండర్లను ఒకే మానిఫోల్డ్‌కు, అంటే అన్నిటి గ్యాస్‌నూ ఒక్కచోట కలిపే పైపుకు, కలిపి భారం పంచడం. ఏజెన్సీ పంపే మనిషి చేతే చేయించండి. వంటింటివీ వీటివీ కలిపి గ్యాస్ 100 కిలోలు దాటితే నిల్వకు లైసెన్సు కావాలని మర్చిపోకండి. ఇంటి సిలిండర్లు హాస్టల్‌కు వాడటం చట్టవిరుద్ధం.

నీళ్లు ఏడాదికేడాది వేడి తగ్గుతున్నాయి

బోరు నీళ్ల సున్నం. మంజీరా నీళ్లు వచ్చే బిల్డింగుల్లో ఇది ఆలస్యంగా వస్తుంది. సిట్రిక్ యాసిడ్ నీళ్లతో మెకానిక్ కడుగుతాడు. టాయిలెట్ యాసిడ్ పోస్తే రాగి గొట్టానికి చిల్లులు పడతాయి.

నల్లా కట్టేసినా మంట ఆరడం లేదు

వెంటనే గ్యాస్ వాల్వు కట్టేయండి. నల్లా మళ్లీ తిప్పి చూద్దాం అనుకోవద్దు, ఎండిన గొట్టం కాలిపోయి ఉంటుంది. లోపలి కడ్డీ సున్నం పట్టి ఇరుక్కుంది. విప్పి బాగుచేసే దాకా ఆ గీజర్‌కు గ్యాస్ ఇవ్వకూడదు.

గ్యాస్ వాసన వస్తోంది

ఎల్‌పీజీ గాలికంటే బరువు, నేల మీదికి దిగి గుంటల్లో, సెల్లార్లలో నిలుస్తుంది. అందుకే సెల్లార్‌లో సిలిండర్ పెట్టొద్దని నేను ప్రతి హాస్టల్‌లోనూ గొడవ పడతాను. వాసన వస్తే స్విచ్చులు వేయొద్దు, తీయొద్దు. వాల్వు కట్టి, తలుపులు తెరిచి, అందరినీ బయటికి పంపి, బయటికి వచ్చాకే 1906కి ఫోన్ చేయండి. లీకు ఎక్కడుందో వెతకడానికి అగ్గిపుల్ల గీయొద్దు, సబ్బు నురగ రాయండి, బుడగలు లేచినచోట లీకు. ఎక్కువసార్లు అది రెగ్యులేటర్ దగ్గరో, రబ్బరు గొట్టం చివర్లోనో ఉంటుంది. గొట్టం ఐఎస్ 9573 ముద్ర ఉన్నదే కొనండి, ఒకటిన్నర మీటరు మించొద్దు, గోడ రంధ్రంలోంచి పోనివ్వొద్దు, అయిదేళ్లకు మార్చేయండి. కొత్త గొట్టం బిగించాక మళ్లీ నురగ రాసి, ఒక్క బుడగ కూడా లేవలేదని కళ్లతో చూశాకే గీజర్ వెలిగించండి.